పదకొండు నిమిషాల నిద్ర

పోయిన వారం మిమ్మల్ని మా భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, మధ్యలోనే లేచి వచ్చేశాను. ఏమీ అనుకోకండి. బల్లకి ఒక చివర మా అన్నయ్య, ఇంకో చివర మా ఆయన, మధ్యలో చల్లారిపోతున్న మూడు కాఫీలు. ఇద్దరూ ఒకే కంపెనీలో పైలట్లు. అన్నయ్య కెప్టెన్, అంటే విమానంలో ఎడమ సీటు. పైగా పదకొండేళ్లుగా పైలట్ల యూనియన్‌కి అధ్యక్షుడు. మా ఆయన కో-పైలట్, అంటే కుడి సీటు. పదహారేళ్లుగా ఆ కుడి సీటే. ఎడమ సీటు రెండుసార్లు చేతికందినట్టే అంది జారిపోయింది. ఆ సంగతులన్నీ మళ్లీ తవ్వి నా కడుపు నేనే మండించుకోను.

గొడవంతా కొత్త ఒప్పందం గురించి. కంపెనీ అందులో రెండు షరతులు కలిపి ముడి వేసింది. ఒకటి, అలసటగా ఉందని పైలట్ చెబితే ఆ రోజు అతన్ని పనిలోకి రమ్మనకూడదు, ఎందుకూ ఏమిటీ అని అడగకూడదు. ఇప్పుడైతే అలా చెప్పినవాణ్ణి పైకి పిలిచి, కూర్చోబెట్టి, సంజాయిషీ రాయించుకుంటున్నారు. రెండోది, రిటైర్మెంటు వయసు అరవై నుంచి అరవై మూడుకి పెంచడం. తీసుకుంటే రెండూ తీసుకోండి, లేదంటే రెండూ లేవు అన్నారు. వచ్చే నెల నాలుగో తేదీకి అన్నయ్యకి అరవై నిండుతాయి. కో-పైలట్ల పట్టికలో అందరికన్నా పైన ఉన్నది మా ఆయన. అన్నయ్య దిగితే ఆ ఎడమ సీటు మా ఆయనది. అన్నయ్య మూడేళ్లు ఉండిపోతే మా ఆయనా మూడేళ్లు కుడివైపే ఉండిపోతాడు.

ఒప్పందానికి 'సరే' అనమని అన్నయ్య ప్రచారం. 'వద్దు' అనమని మా ఆయన ప్రచారం. ఆఫీసులో ఒకళ్లు మా అన్నయ్యకి కుర్చీ పిచ్చి అంటారు, ఇంకొకళ్లు మా ఆయన బావ కుర్చీ కిందే కూర్చుని కాచుకున్నాడంటారు. రెండు మాటలూ నా చెవిన పడేలాగే అంటారు. అదీ నా బతుకు.

ఇక ఈ వారం సంగతి. ఓటింగు రోజు రానే వచ్చింది. పదింటికి సభ, మధ్యాహ్నం రెండింటి నుంచి ఓట్లు. పొద్దున్నే ఇద్దరూ ఒకే కారులో వెళ్లారు. ఎవరి ఉపన్యాసం కాగితాలు వాళ్లు రెండోవాళ్లకి కనబడకుండా ఒళ్లో బోర్లించి పెట్టుకుని మరీ వెళ్లారు. ఇద్దరికీ కలిపి వందేళ్లు దాటాయి, సిగ్గు లేదు.

నేను పనిచేసేది రోస్టర్ సెక్షన్‌లో. ఏ పైలట్ ఏ రోజు ఏ విమానం నడపాలో నెల ముందే పట్టిక వేసే గది మాది. మమ్మల్ని తిట్టుకోని పైలట్ ఉండడు, మాకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పని పైలట్ కూడా ఉండడు. మా ఇంటివాళ్ల రోస్టర్లు మాత్రం నేను ముట్టుకోను, పక్క సీటావిడ వేస్తుంది. ప్రతి నెలా పదో తేదీ మధ్యాహ్నం పన్నెండింటిలోపు, వచ్చే నెలలో ఎవరికి ఏ ట్రిప్పులు కావాలో వాళ్లు రాసి పంపాలి. దాన్ని బిడ్ అంటాం. సీనియారిటీలో పైనున్నవాడు ముందు ఏరుకుంటాడు, కిందివాడు మిగిలింది తీసుకుంటాడు. ఎవరి బిడ్ సంగతి వాళ్లకి తప్ప ఇంకొకరి చెవిన వేస్తే నా ఉద్యోగం ఊడుతుంది. పదకొండింటికి, ఇంకా బిడ్ వేయనివాళ్ల పేర్లు తీసి వాళ్లకి గుర్తు చేయడం కూడా నా పనే.

ఓటింగు పడింది కూడా పదో తేదీనే. ఆ రోజు పట్టికలో మూడు పేర్లు మిగిలాయి. ఒకాయన కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. ఒకామె బాలింత. మూడో పేరు చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. మా అన్నయ్య.

ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క బిడ్ మానలేదు. పెళ్లినాడు పెళ్లి బట్టల్లోనే ఆఫీసుకొచ్చి బిడ్ వేసి వెళ్లాడని వదిన ఇప్పటికీ దెప్పుతుంది. ఒప్పందం గెలుస్తుందనుకున్నవాడు నెలంతటికీ బిడ్ వేస్తాడు. ఓడిపోతుందేమోనని గుబులున్నవాడు కూడా ఎందుకైనా మంచిదని వేసి ఉంచుతాడు. అసలు వేయనివాడెవడు? ఓటు ఎటు పడినా సరే, నేను వెళ్లిపోతున్నాను అని తీర్మానించుకున్నవాడు!

నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. అన్నయ్య వెళ్లిపోతున్నాడంటే గుండె కలుక్కుమంది, నిజమే. కానీ అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ వెంటనే మా ఆయన భుజాల మీద, కెప్టెన్లకి మాత్రమే ఉండే నాలుగో చార కనిపించింది. ఇంటికెళ్లి ఆ చొక్కా నేనే ఇస్త్రీ చేయాలనుకున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆయన చొక్కా ఇస్త్రీ చేసిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

అంతలో ఎదురుగా ట్రే మీద నా కళ్లు పడ్డాయి. అన్నయ్య పుట్టినరోజు దగ్గరపడుతోంది కదా, ఖాళీ వస్తే తీసుకుంటారా అని పై ఇద్దరు కో-పైలట్లకీ ఫారాలు పంపించాం. వాటికీ గడువు ఆ పన్నెండే. రెండూ వచ్చి ఉన్నాయి. పైనున్నది రెండో నంబరు ఆయనది. ఆయన్ని ఆఫీసంతా 'టై' అంటుంది. సెలవు రోజున కూరగాయలకి కూడా టై కట్టుకునే వస్తాడు. 'తీసుకుంటాను' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. దాని కిందిది మా ఆయనది.

'తీసుకోను.'

తీసుకోను! ఒకసారి కాదంటే మళ్లీ రెండేళ్ల దాకా ఆ పేరు ఎత్తరు. పదహారేళ్లు వాకిట్లో నిలబడి, తలుపు తెరిచే వేళకి "అబ్బే, నేను ఊరికే ఇలా వచ్చానండీ" అన్నట్టుంది ఈ మనిషి యవ్వారం. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. పొద్దున నా చేతి కాఫీ తాగి, కాఫీ బాగుందని చెప్పి, చక్కా వచ్చి ఈ పని చేశాడు.

"అక్కా, ఏమైంది? మొహం అలా ఉందేంటి?" అంది పక్క సీటావిడ.

"ఏం లేదు. మా వంశంలో త్యాగాల సీజను మొదలైంది" అని లేచాను. అంతకన్నా చెప్పడానికి రూలు ఒప్పుకోదు. టైమ్ పదకొండూ పది. మా ఆయన ఫారం, అన్నయ్యకి ఇవ్వాల్సిన రిమైండరు చీటీ తీసుకుని శిక్షణ భవనం వైపు పరుగులాంటి నడకతో వెళ్లాను.

సభ జరుగుతున్నది అక్కడ పై అంతస్తులోని పెద్ద క్లాసు గదిలో. తలుపు దగ్గర బుట్ట నిండా ఫోన్లు. కిందటిసారి ఎవరో సభలో మాటలు రికార్డు చేసి బయటికి పంపారట, అప్పటి నుంచి ఫోన్లు బుట్టలో వేసే లోపలికి వెళ్లాలి. తలుపు దగ్గర కూర్చున్న యూనియన్ గుమాస్తా నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సభ్యులు కానివాళ్లు లోపలికి రాకూడదమ్మా."

"బిడ్ రిమైండరు చేతికివ్వాలి. రూలు ప్రకారం మనిషి ఎక్కడుంటే అక్కడికెళ్లి ఇవ్వొచ్చు. రూలు చూపించమంటావా?"

"వద్దులెండి. వెనక నిలబడండి. ఆయన మాట్లాడటం అయ్యాక ఇవ్వండి."

వెనక మూల, గుండె ఆగినవాళ్లని ఎలా బతికించాలో నేర్పడానికి పెట్టిన ప్లాస్టిక్ మనిషి పక్కన నిలబడ్డాను. ఎవరో దానికి పైలట్ టోపీ పెట్టారు. గోడల మీద అత్యవసర ద్వారాలు ఎలా తెరవాలో చూపించే బొమ్మలు. రెండు వందల మంది దాకా ఉన్నారు, కిటికీ గట్ల మీద కూడా కూర్చున్నారు. మైకు దగ్గర మా ఆయన.

ఈయన మాట్లాడే తీరు చెప్పాలి మీకు. ఆఫీసులో ఈయన పేరు 'చెక్‌లిస్టు'. ఊరెళ్లేటప్పుడు ఇంటి తాళం తీసుకుని గుమ్మంలో నిలబడి "గ్యాసు?" అంటాడు. నేను "కట్టేశాను" అనాలి. "కిటికీలు?" అంటే "వేశాను" అనాలి. "ఆ, అన్నీ అయ్యాయి పదండి" అంటే కుదరదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. సభలోనూ అంతే.

"అలసట షరతు కావాలా? కావాలి. వయసు షరతు కావాలా? వద్దు. రెండిటికీ సంబంధం ఉందా? లేదు. మరి ఎందుకు కలిపారు? మన మధ్య మనకే తగువు పెట్టడానికి. నూట నలభై మంది కో-పైలట్లం ఉన్నాం. మేం మూడేళ్లు ఆగిపోతే మా వెనక చేరేవాళ్లు ఇంకో మూడేళ్లు ఆగిపోతారు. అధ్యక్షుల వారిని నేనడిగేది ఒకటే. వెనక్కి వెళ్లి, ముడి విప్పి తెండి."

"అడగలేదనుకున్నావా బావా?" అన్నాడు అన్నయ్య, ఇంకో మైకులోంచి. తర్వాత నాలిక్కరుచుకుని, "అంటే, గౌరవ సభ్యులు గారూ" అన్నాడు. గదంతా నవ్వింది. "తొమ్మిదిసార్లు వెళ్లాను. తొమ్మిదిసార్లూ అదే ముడి. పదోసారి వెళితే ఈ కాగితం కూడా చింపేస్తారు."

"మీకేం సార్! మూడేళ్లూ మీకే కదా కలిసొచ్చేది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

మా ఆయన గిరుక్కున తిరిగాడు. "ఎవరది? లేచి అనండి ఆ మాట. ఆయన వాదన తప్పని పొద్దుట్నుంచీ నేనంటున్నాను. ఆయన మనిషి తప్పని ఎవరన్నా అంటే నేనూరుకోను."

"మరి మీరో? ఆ సీటు కోసమేగా ఈ 'వద్దు' గోలంతా!" అన్నాడు ఇంకొకడు.

ఈసారి అన్నయ్య బల్ల మీద దభీమని కొట్టాడు. "నోరు మూసుకుని కూర్చో! మా బావ గురించి నీకేం తెలుసు?"

అదండీ వరస. తిట్టుకునే హక్కు వాళ్లిద్దరికే ఉంది, మూడోవాడు వేలెత్తితే ఇద్దరూ కలిసి మీద పడతారు. నా చేతిలో ఫారం లేకపోతే, ఆ నిమిషంలో ఇద్దరికీ దిష్టి తీసేదాన్ని.

గది సద్దుమణిగింది. అన్నయ్య తెచ్చుకున్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్లజోడు తీసేశాడు. ఆయన కళ్లజోడు తీశాడంటే నాకు భయం. నాన్న పోయిన సంగతి చెప్పిన రోజు కూడా ముందు అదే తీశాడు.

"ఒకటి చెబుతాను. ఎవరికీ చెప్పనిది. పదిహేనేళ్ల కిందటి మాట. వరసగా ఐదో రోజు డ్యూటీ, ఆ రోజుకి నాలుగో ట్రిప్పు. అంతకు ముందు నెల అలసటగా ఉందని చెబితే సంజాయిషీ రాయించుకున్నారు, అందుకని ఈసారి చెప్పలేదు. మధ్యాహ్నం. ఎండ మొహం మీద పడుతోంది. కళ్లు మూసుకున్నానని నాకే తెలీదు. తలుపు బాదుతుంటే మెలకువొచ్చింది. కాఫీ కావాలా అని కాబిన్ అమ్మాయి ఫోన్ చేసి చేసి, చివరికి తలుపు కొడుతోంది. గడియారం చూశాను. పదకొండు నిమిషాలు. పక్కకి చూశాను. కో-పైలట్ కూడా నిద్రపోతున్నాడు."

అన్నయ్య మైకుని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"వెనకాల నూట అరవై రెండు మంది. విమానం దాని మానాన అది పోతోంది. మాకేం కాలేదు, వాళ్లకీ ఏం కాలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు. ఆ వారమే యూనియన్ పనిలోకి దిగాను. ఇన్నేళ్లూ నేనడిగింది ఆ ఒక్క షరతే. ఇవాళ అది చేతికొచ్చింది. దానితోపాటు ఏం అంటించి ఇచ్చినా సరే, దాన్ని వదులుకోమని నేను చెప్పలేను. తర్వాత మీ ఇష్టం."

"ఆ కో-పైలట్ ఎవరు సార్?" అని ఒకామె మెల్లగా అడిగింది.

"ఇది నా కథమ్మా. అతని పేరు అడక్కు."

"నేనే" అన్నాడు మా ఆయన.

కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. "కుడి సీట్లో ఉన్నది నేనే. చేరి ఏడాదే అయింది. ఆయన ఇన్నేళ్లూ నా పేరు కాపాడారు. ఇవాళ కూడా కాపాడబోతున్నారు. చాలు."

నాకు ఆ రోజు గుర్తుంది. ఇప్పుడు చెబుతున్నాను కానీ అప్పుడు నాకు తెలిసింది చాలా తక్కువ. అన్నయ్య యూనిఫాంలో ఉన్న ఒక బక్క మనిషిని ఇంటికి తీసుకొచ్చి, "ఇతనికి ముందు ఏదైనా పెట్టండి, తర్వాత పడుకోబెట్టండి" అన్నాడు. ఆ మనిషి రెండు ముద్దలు తిని మా సోఫాలో ఐదు గంటలు నిద్రపోయాడు. కొత్తవాళ్ల ఇంట్లో ఇంత నిశ్చింతగా గురక పెట్టే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదని వదినతో అన్నాను. ఆర్నెల్లు తిరక్కుండా అతన్నే పెళ్లి చేసుకున్నాను. పదిహేనేళ్లూ మా పెళ్లి కథ ఆ గురకతోనే మొదలుపెట్టి అందరికీ చెబుతూ వచ్చాను. వాళ్లిద్దరూ నవ్వుతూ వింటూ వచ్చారు. ఆ గురక వెనక ఇంతుందని ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు నాకు చెప్పలేదు! కోపం రాలేదంటే అబద్ధం. కోపం కన్నా ఎక్కువగా, అక్కడ నిలబడి వణుకుతున్న ఆ మనిషి దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకోవాలనిపించింది.

గుమాస్తా తెలివైనవాడు, టీ విరామం అన్నాడు. పదకొండూ ముప్పై ఎనిమిది.

ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని బయట మెట్ల దగ్గరికి, కాఫీ మెషీను వెనక్కి లాక్కొచ్చాను.

"అమ్మడూ, నువ్విక్కడేంటి?" అన్నాడు అన్నయ్య.

"నేనేం మాట్లాడకూడదు. రూలు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పానంటే నా ఉద్యోగం పోతుంది. అందుకని అన్నయ్యా, నువ్వు ఇవాళ ఏం చేయలేదో మీ బావకి నువ్వే చెప్పు. ఏమండీ, పొద్దున మీరేం చేశారో మీ బావగారికి మీరే చెప్పండి. ఊఁ. ఎవరు ముందు?"

ఇద్దరూ బూట్ల వైపు చూసుకున్నారు.

"నేను... బిడ్ వేయలేదు" అన్నాడు అన్నయ్య చివరికి. "వెళ్లిపోతున్నాను. ఒప్పందం గెలిచినా సరే."

"అదేంటి బావగారూ! మరి లోపల చెప్పాల్సింది కదా! ఒక్క మాటతో అందరి నోళ్లూ మూతపడేవి."

"చెబితే జాలిపడి ఓటేస్తారు. జాలి ఓటు నాకొద్దు. పైగా అంత మాట బయటపెట్టాక ఇంకా ఆ సీట్లో ఎలా కూర్చుంటాను బావా? నీ సంగతేంటి?"

"నేను ఆ సీటు వద్దని రాసిచ్చాను."

"ఎందుకు?"

"సీటు కోసమే వాదిస్తున్నానని అంటున్నారుగా. సీటు వదిలేస్తే వాదన ఒక్కటే మిగులుతుందని."

అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. మా ఆయన కూడా నవ్వాడు. మెట్ల మీద వెళ్లేవాళ్లు ఆగి చూస్తున్నారు. నేను నవ్వలేదు.

"నవ్వండి, బాగా నవ్వండి. నువ్వు దిగి, ఈయన ఎక్కక, ఆ సీటు టైకి వెళుతుంది. రెండేళ్లు ఈయన్ని ఎవరూ పిలవరు. పదహారేళ్లు ఎదురుచూసింది ఈయన ఒక్కడే అనుకుంటున్నారా? ప్రతిసారీ 'ఈసారి వచ్చేస్తుందిలే' అని ఈయన కన్నా ముందు నేను అనుకున్నాను. నన్ను అడిగారా ఎవరైనా?"

చేత్తో కళ్లు తుడుచుకున్నాను. ఆయన జేబురుమాలు ఇచ్చాడు. "తప్పయింది" అన్నాడు. వాదన లేదు, చెక్‌లిస్టు లేదు. "ఎక్కడ సంతకం పెట్టమంటావో చెప్పు."

ఫారం తీశాను. మనసు మార్చుకోవచ్చు, పన్నెండింటిలోపు. కానీ ఒక చిక్కుంది. 'తీసుకోను' అని ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలంటే పట్టికలో తర్వాతివాడు ఒప్పుకుని సంతకం చేయాలి. అంటే టై. మా ఇంట్లో ఆయన మీద వేసుకున్న జోకులు రాస్తే ఒక పుస్తకమవుతుంది.

"అమ్మో, అతన్ని అడగడమా?" అన్నారు బావలిద్దరూ ఒకేసారి.

"నేనడుగుతాను" అన్నాను.

అడగక్కర్లేకపోయింది. టై మా వెనకే కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి విన్నాడో తెలియదు. కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, మా ఆయన్ని అడిగాడు. "ఆ పదకొండు నిమిషాలు నిజమేనా సార్?"

"నిజమే."

ఫారం నా చేతిలోంచి తీసుకుని గోడకి ఆనించి సంతకం చేసేశాడు.

"అదేంటయ్యా, ఆలోచించుకోకుండా?" అన్నాడు అన్నయ్య.

"ఎడమ సీటు నాకు వద్దని కాదు సార్. కావాలి. అందుకే తీసుకుంటానని రాశాను. మీ మాట విన్నాక అనిపించింది, ఇప్పుడే వద్దు. పోయిన నెల ఒక ఆదివారం నేనూ నిద్రపోయాను. నాలుగు నిమిషాలు. కెప్టెన్ మేడమ్ మెలకువగా ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఆవిడ కోప్పడను కూడా లేదు. అప్పట్నుంచీ నాకు నా మీదే నమ్మకం పోయింది."

నాకు జాలేసింది. జాలేస్తే నేను కోప్పడతాను, నా అలవాటది. "మరి అంత ఒళ్లు తెలీకుండా ఉన్నప్పుడు ఎందుకొచ్చారండీ డ్యూటీకి? అలసటగా ఉందని ముందే చెప్పొచ్చుగా!"

టై నా వైపు చూశాడు. "చెప్పానండీ."

"ఎవరికి?"

ఆయన గట్టు మీది కప్పు వైపు తిరిగాడు. జవాబు అక్కర్లేకపోయింది. నాకప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట. ట్రిప్పుకి వెళ్లాల్సిన ఒకాయనకి జ్వరం, బదులు మనిషి కావాలి. ఇద్దరికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడో ఫోను టైకి చేశాను. "మేడమ్, కొంచెం అలసటగా ఉందండీ" అన్నాడు. నేను నవ్వాను. "ఎవరికి లేదండీ అలసట? నాకు లేదా? ఒక్క ట్రిప్పే కదా, టై కట్టుకుని వచ్చేయండి" అన్నాను. ఇంటికొచ్చి ఆ మాట చెబితే ముగ్గురం పడీ పడీ నవ్వుకున్నాం.

నా మొహం చూసి ఆయనే అన్నాడు. "మీరేం గట్టిగా అడగలేదు మేడమ్. నేనే గట్టిగా చెప్పలేకపోయాను." మళ్లీ కప్పు తీసుకుని, "సార్, విరామం అయ్యాక నాకు రెండు నిమిషాలు మైకు ఇప్పిస్తారా?" అని అన్నయ్యని అడిగి లోపలికి వెళ్లిపోయాడు.

పదకొండూ యాభై మూడు. మా సెక్షన్ అవతలి భవనంలో ఉంది. ఫారం పన్నెండింటిలోపు కౌంటర్ మీద పడాలి. మా ఆయన చేతిలో పెట్టి, "మీరు పరిగెత్తండి. పక్క సీటావిడకి ఇవ్వండి. నా కోసం చూడకండి" అన్నాను. ఆయన నన్నొకసారి చూసి, నలభై ఆరేళ్ల మనిషి రెండేసి మెట్లు దిగుతూ పరిగెత్తాడు.

అన్నయ్య నా తల మీద చెయ్యి వేశాడు. "అమ్మడూ, నువ్వు రూలు ప్రకారమే చేశావు."

"ఆ రోజు నీ దగ్గర సంజాయిషీ రాయించుకున్నవాళ్లు కూడా రూలు ప్రకారమే చేశారు కదన్నయ్యా."

ఆయన లోపలికి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. టై మైకు ముందుకొచ్చి, తన నాలుగు నిమిషాల సంగతి నాలుగు మాటల్లో చెప్పాడు. "డ్యూటీకి రమ్మని ఫోనొచ్చింది. అలసటగా ఉందన్నాను. అయినా వెళ్లాను" అన్నాడు.

"ఎవరు చేశారు ఫోను?" అని ముందు వరసలోంచి ఒకడు లేచాడు. "రోస్టర్ వాళ్లేగా? పేరు చెప్పు!"

"చెప్పు! పేరు చెప్పు!" అని గదంతా అందుకుంది.

"పేరు అనవసరం" అన్నాడు టై. మైకు వైపు చూశాడు, కప్పు వైపు చూశాడు, టోపీ పెట్టుకున్న ప్లాస్టిక్ మనిషి వైపు చూశాడు. తలుపు వైపు మాత్రం చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో పాపం. నేను ఇన్నేళ్లు చూసి నవ్విన మనిషి.

"అమ్మా, సభ్యులు కానివాళ్లు..." అంటున్న గుమాస్తా చెయ్యి పక్కకి జరిపి లోపలికి నడిచాను.

"ఆ ఫోన్ చేసింది నేను" అన్నాను.

రెండు వందల తలలు ఒక్కసారి తిరిగాయి. అరుపులు ఆగిపోయాయి. మాట్లాడటానికి నాకు హక్కు లేదని అందరికీ తెలుసు, అందరికన్నా అన్నయ్యకి బాగా తెలుసు. ఆయన ముందున్న మైకు మీద చెయ్యి పెట్టి నన్నే చూస్తున్నాడు. నన్ను తిప్పి ఇంటికి పంపేస్తే ఇక్కడితో పోతుంది. మైకు ఇస్తే, నేను చెప్పే ప్రతి మాటా సభ పుస్తకంలోకి ఎక్కి కంపెనీ పెద్దల దాకా వెళుతుంది. గోడ గడియారం పన్నెండుకి ఒక్క నిమిషం తక్కువ చూపిస్తోంది. మా ఆయన కౌంటర్ దాకా చేరాడో లేదో తెలియదు.

అన్నయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మైకు నా వైపు జరిపాడు.